తెర మీద కార్ఖానా: పాలారు లోయలో ప్రక్రియల పర్యవేక్షణ

కార్ఖానాలో నలుమూలలా జరుగుతున్న పనిని ఒక గదిలో కూర్చుని చూసే ఏర్పాటుకు పర్యవేక్షక నియంత్రణ అని పేరు. తొట్టిలో నీరు ఎంత ఎత్తుంది, పైపులో ఒత్తిడి ఎంత, మోటారు తిరుగుతోందా ఆగిందా అన్నవి బొమ్మలుగా, అంకెలుగా, గీతలుగా తెర మీదికి వస్తాయి. అవసరమైతే అక్కణ్నుంచే పంపు ఆపవచ్చు, వాల్వు తెరవవచ్చు. ఈ పొడుగు పేరు పుస్తకాల్లోనే ఉంటుంది. సూపర్వైజరీ కంట్రోల్ అండ్ డేటా అక్విజిషన్ అన్న ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కూడగట్టి ఇంజనీర్లు స్కాడా అంటారు. షిఫ్టులో ఉన్న మనిషి అదీ అనడు, “సిస్టమ్‌లో చూడు” అంటాడు.

ఉక్కు, సిమెంటు, కరెంటు, మందులు, పాలు, ఊరి తాగునీరు, దేనికైనా పద్ధతి ఇదే. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల కడుపులో ఏం జరుగుతోందో ఏ మనిషీ తొంగి చూడలేడు. అక్కడ తెరే కన్ను. అయినా ఈ వ్యాసానికి తమిళనాడులోని వేలూరు ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. మిగతా చోట్ల ఈ తెరను ముఖ్యంగా సరుకు కోసం చూస్తారు. పాలారు ఒడ్డున సరుకు తయారయ్యాక మిగిలే మురికినీటి కోసం చూస్తారు. చూసేవాడు యజమాని ఒక్కడే కాదు. చెన్నైలోని కాలుష్య నియంత్రణ మండలి, ఢిల్లీలోని కేంద్ర మండలి, వెనక సుప్రీంకోర్టు తీర్పు, అందరి చూపూ అదే అంకె మీద ఉంటుంది.

తోలు, నీరు, తీర్పు

1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటులోనివే. గుడియాత్తం, పేర్నాంబట్టు వైపు తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు నేటికీ ఉన్నాయి. పాలారు కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, కుప్పం సీమ దాటి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటల మీదుగా సముద్రం వైపు సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే, నీరు ఇసుక కింద ఉంటుంది. ఆ ఊళ్లన్నీ తోళ్ల ఊళ్లు. పాత వేలూరు జిల్లాను 2019లో వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు అని మూడు ముక్కలు చేశారు కాబట్టి నేడు ఈ కార్ఖానాలు మూడు జిల్లాల్లో పరుచుకుని ఉన్నాయి.

పచ్చి తోలును నానబెట్టాలి, సున్నంలో వేసి వెంట్రుకలు రాల్చాలి, కండ గీకాలి, సున్నం విడిపించాలి, ఉప్పూ ఆమ్లమూ కలిపిన నీళ్లలో ఊరబెట్టాలి, ఆ తర్వాత పదును పెట్టాలి. వెనకటికి ఆ పదును తంగేడు చెక్క, కరక్కాయలతో వారాల తరబడి సాగేది. క్రోమియం సల్ఫేటు వచ్చాక తిరిగే పెద్ద చెక్క డ్రమ్ములో ఒక రోజు లోపలే అయిపోతోంది. డ్రమ్ములోని నీటి పీహెచ్ మొదట 3 కంటే తక్కువ ఉంటుంది. క్రోమియం తోలు లోపలికి దిగాక సోడా కొద్దికొద్దిగా వేస్తూ దాన్ని 4 దగ్గరికి తెస్తారు. తొందరపడి ఒక్కసారే పెంచితే క్రోమియం పైపొరలోనే పట్టుకుపోయి నడిమి భాగం పచ్చిగా మిగిలిపోతుంది. అందుకే మేస్త్రీ తోలు అంచున చిన్న ముక్క కోసి, కోత మీద బ్రోమోక్రెసాల్ గ్రీన్ చుక్క వేసి, రంగు అంతటా ఒకేలా ఉందో లేదో చూస్తాడు. ఇంకో ముక్కను మరిగే నీళ్లలో వేసి ముడుచుకుంటోందేమో గమనిస్తాడు. డ్రమ్ము వేగం, తిరిగే దిశ, నీటి వేడి, రసాయనం పడే వేళ, ఇవన్నీ కొత్త కార్ఖానాల్లో తెర మీదికి వచ్చేశాయి. ఆ కోత ముక్క మాత్రం ఇంకా మేస్త్రీ చేతిలోనే ఉంది.

మామూలు పద్ధతిలో వేసిన క్రోమియంలో సుమారు మూడో వంతు తోలుకు పట్టకుండా నీళ్లలోనే మిగిలిపోతుంది. ఈ నీరు, ఉప్పు నీరు, సున్నపు నీరు కలిసి పాలారులోకి, బావుల్లోకి చేరాయి. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరమ్ వేసిన పిటిషన్ మీద 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టులో జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దేశ పర్యావరణ న్యాయానికే మలుపు. కిలో తోలు తయారీకి దాదాపు 35 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని, సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పాడైందని ఆ తీర్పులో నమోదైంది. పాడుచేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం, ముందుజాగ్రత్త సూత్రం మన చట్టంలో భాగమేనని కోర్టు చెప్పింది. శుద్ధి లేకుండా తోళ్ల కార్ఖానా నడపడం కుదరని పని అయింది. ఒక్కొక్క చిన్న కార్ఖానా సొంతంగా శుద్ధి కేంద్రం కట్టుకోలేదు కాబట్టి పదుల కొద్దీ కార్ఖానాలు ఒక ఉమ్మడి కేంద్రానికి పైపులు కలుపుకున్నాయి. వాణియంబాడిలో వాణిటెక్, ఆంబూరులో ఆంబూర్‌టెక్, మేల్విషారంలో విష్‌టెక్, రాణిపేటలో రాణిటెక్ అలాంటివే. మన వ్యాసానికి అసలు రంగస్థలం ఈ ఉమ్మడి కేంద్రమే.

ఒక కొలత ప్రయాణం

శుద్ధి కేంద్రంలో మొదటి పెద్ద తొట్టి సమీకరణ తొట్టి. అన్ని కార్ఖానాల నీళ్లూ అక్కడ కలుస్తాయి. పొద్దున సున్నం డ్రమ్ముల నీరు వస్తే పీహెచ్ 12 దాకా ఎగబాకుతుంది, మధ్యాహ్నం ఊరబెట్టిన ఆమ్లపు నీరు వస్తే దిగజారుతుంది. ఆ తొట్టిలో వేలాడదీసిన గాజు ఎలక్ట్రోడు దగ్గర కొంచెం సేపు నిలబడదాం.

ఎలక్ట్రోడు పుట్టించేది మిల్లీవోల్టుల్లో కొలిచేంత చిన్న విద్యుత్తు మాత్రమే. పక్కనున్న చిన్న పెట్టె, దాన్నే ట్రాన్స్‌మిటర్ అంటారు, ఆ మిల్లీవోల్టులను 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా మార్చి తీగలోకి పంపుతుంది. 0 నుంచి మొదలుపెట్టకుండా 4 నుంచి ఎందుకు? 0 అంటే తీగ తెగిందో, నిజంగానే కొలత సున్నానో తెలియదు. 4 అంటే బతికి ఉన్న సున్నా. తీగలో కరెంటు 3.6 కంటే దిగిందంటే తొట్టిలో తేడా కాదు, పరికరంలోనే తేడా అని అర్థం. ఈ చిన్న కిటుకు ఎన్ని తప్పుడు నిర్ణయాలను ఆపిందో లెక్కపెట్టలేం. 5 మీటర్ల లోతు తొట్టికి మట్టం కొలిచే పరికరం పెడితే 4 అంటే ఖాళీ, 20 అంటే నిండు, 12 అంటే రెండున్నర మీటర్లు. మధ్య లెక్కలన్నీ తిన్నని గీత మీద ఉంటాయి.

ఆ తీగ వచ్చి చేరేది పీఎల్‌సీ అనే నియంత్రణ పెట్టెకు. పీఎల్‌సీ కరెంటును అంకెగా మారుస్తుంది. 12 బిట్ల మార్పిడి అయితే మొత్తం పరిధిని 4,096 మెట్లుగా విడగొడుతుంది. తర్వాత సెకనుకు ఎన్నోసార్లు ఒకే పని చేస్తుంది: కొలతలన్నీ చదవడం, రాసిపెట్టిన తర్కం ప్రకారం లెక్క వేయడం, మోటార్లకూ వాల్వులకూ ఆదేశాలివ్వడం, మళ్లీ మొదటికి. స్కాడా కంప్యూటరు పీఎల్‌సీని అడిగి ఆ అంకెలు తెచ్చుకుంటుంది. ఒక్కో కొలతకు ఒక్కో ట్యాగు ఉంటుంది. ఎల్‌టీ అంటే మట్టం కొలిచేది, ఎఫ్‌టీ అంటే ప్రవాహం కొలిచేది, పీటీ ఒత్తిడిది. పక్కన వరస సంఖ్య. ఊళ్లో ఇంటి నంబర్ల లాంటివే. ట్యాగుల జాబితా అడ్డదిడ్డంగా ఉన్న కేంద్రంలో కొత్త ఇంజనీరు మూడు నెలలు చీకట్లో తడుముకోవాల్సిందే.

ఇక్కడ ఒక సంగతి తరచు మరిచిపోతారు. తెర నియంత్రించదు, పర్యవేక్షిస్తుంది. కంప్యూటరు ఆగిపోయినా పీఎల్‌సీ తన పని తాను చేసుకుపోవాలి. తోళ్ల కేంద్రంలో దీని విలువ ప్రాణాలతో సమానం. సున్నపు నీటిలో సల్ఫైడు ఉంటుంది. దానికి ఆమ్లపు నీరు తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు, మనిషి కుప్పకూలిపోతాడు. కాబట్టి ఆమ్లపు వాల్వూ సల్ఫైడు నీటి వాల్వూ ఒకేసారి తెరుచుకోకూడదన్న కట్టడిని పీఎల్‌సీలోనే రాయాలి. ఇంటర్‌లాక్ అంటారు దాన్ని. తెర మీద ఆపరేటరు ఎన్నిసార్లు నొక్కినా అది ఒప్పుకోకూడదు. తొట్టిలోకి దిగే మనిషి జేబులో గ్యాసు మీటరు ఉండాలన్నది వేరే కట్టడి. ఒకటుందని రెండోదాన్ని మానుకునే వీలు లేదు.

సమీకరణ తొట్టి దాటాక నీరు బురద పేరుకునే తొట్టికీ, అక్కణ్నుంచి గాలి ఊదే తొట్టికీ పోతుంది. గాలి తొట్టిలో మురికిని తినే సూక్ష్మజీవులకు లీటరు నీటిలో సుమారు 2 మిల్లీగ్రాముల కరిగిన ఆక్సిజన్ అందాలి. తక్కువైతే అవి చస్తాయి, ఎక్కువైతే కరెంటు బిల్లు చస్తుంది. బ్లోయర్ల వేగాన్ని ఆక్సిజన్ కొలతకు ముడిపెట్టడం స్కాడా పెట్టుకున్న కేంద్రానికి మొదట్లోనే కనిపించే లాభం. చివర రివర్స్ ఆస్మాసిస్ పొరలు, ఆవిరి యంత్రాలు ఉంటాయి. నీళ్లు వెనక్కి కార్ఖానాలకు పోతాయి, ఉప్పు మిగులుతుంది. చుక్క కూడా బయటికి వదలకూడదన్న నిబంధన వల్ల వచ్చిన ఏర్పాటు ఇది. మిగిలిన ఉప్పును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఏ సాఫ్ట్‌వేరూ జవాబు చెప్పదు.

గోడ మీది పటం నుంచి

వెనకటి కంట్రోల్ రూముల్లో గోడంతా ఒక ఇనుప పలక ఉండేది. దాని మీద పైపులు రంగు గీతలుగా, పంపులు గుండ్రాలుగా గీసి, ఒక్కో పంపు దగ్గర ఎర్రదో పచ్చదో బల్బు పెట్టేవారు. మిమిక్ పలక అనేవారు దాన్ని. కార్ఖానాలో ఒక పైపు మారిస్తే గోడ మీద పెయింటరును పిలవాలి. రిలేల అల్మరాలు దాని వెనక టకటకలాడుతుండేవి.

1969లో అమెరికాలో జనరల్ మోటార్స్‌కు అందిన మోడికాన్ 084 పీఎల్‌సీ ఆ రిలేల అల్మరాలకు చరమగీతం పాడింది. దాన్ని తయారుచేసిన సంస్థకు అది 84వ ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు. 1975లో హనీవెల్, యోకొగావా కంపెనీలు పెద్ద కర్మాగారాల కోసం నియంత్రణను చోట్లచోట్ల పంచిపెట్టే వ్యవస్థలు తెచ్చాయి. 1979లో మోడికాన్ మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిని బయటపెట్టింది. వయసు మీరినా అది చావలేదు. నేటికీ మన వైపు శుద్ధి కేంద్రాల్లో ప్రవాహ మీటరు పీఎల్‌సీతో మాట్లాడేది ఎక్కువగా ఆ భాషలోనే. 1980ల చివర్లో విండోస్ మీద నడిచే వండర్‌వేర్ ఇన్‌టచ్, 1996లో సీమెన్స్ విన్‌సీసీ వచ్చాక గోడ మీది పటం మామూలు కంప్యూటరులోకి దిగింది. అంతదాకా కోట్ల పెట్టుబడి ఉన్నవాళ్లకే అందిన వస్తువు చిన్న డెయిరీకి కూడా అందింది.

మన దేశంలో ఈ విద్యకు హైదరాబాదు ఒక పుట్టిల్లు. 1967లో ఎ.ఎస్. రావు సారథ్యంలో ఈసీఐఎల్ మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఆయన అణుశక్తి శాఖకు కావలసిన ఎలక్ట్రానిక్స్ ఇక్కడే తయారవ్వాలని పట్టుబట్టిన మనిషి. అణువిద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు ఆ సంస్థకు మొదటి నుంచీ ప్రధానమైన పని. తోళ్ల వైపు చూస్తే, 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958 నుంచి డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రు వారు. వాడిన నీటిలోంచి క్రోమియాన్ని మెగ్నీషియం ఆక్సైడుతో ముద్దగా దించి, ఆమ్లంలో కరిగించి మళ్లీ వాడుకునే పద్ధతిని కార్ఖానాలకు చేర్చిన సంస్థ అదే. ఆ పద్ధతిలో ముఖ్యమైన కొలత మళ్లీ పీహెచ్.

వేలూరు ఊళ్లో ఈ చదువుకు చిరునామా బాగాయం. సీఎంసీ వైద్య కళాశాల ఆవరణ ఉన్న ఆ పేటలోనే 1990లో మొదలైన తందై పెరియార్ ప్రభుత్వ సాంకేతిక సంస్థ ఉంది. కాట్పాడి వైపు ఉన్న వీఐటీ 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టింది. రాణిపేటలో భెల్ వారి కర్మాగారం థర్మల్ కేంద్రాల పొగలోంచి బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు తయారు చేస్తుంది. చదువూ కార్ఖానా ఒకే టౌన్ బస్సు దూరంలో ఉన్న ఊళ్లు మన వైపు ఎక్కువ లేవు.

తెర గీయడం

చూడముచ్చటగా ఉన్న తెర మంచి తెర కానక్కర్లేదు. తొలినాటి తెరల్లో తొట్లలో నీలి నీరు అలలు కొడుతుండేది, పంపుల రెక్కలు గిరగిరా తిరిగేవి, పైపులు ఇంద్రధనుస్సులా ఉండేవి. కొనుగోలు కమిటీకి అవి బాగా నచ్చుతాయి. రాత్రి రెండు గంటలకు కునికిపాట్లు పడుతున్న ఆపరేటరుకు అందులో ప్రమాదం ఎక్కడుందో కనిపించదు. 2015లో వెలువడిన ఐఎస్ఏ 101 ప్రమాణం, దానికి ముందు నుంచే సాగిన పరిశోధన చెప్పేది ఒకటే: వెనక బూడిద రంగు ఉంచండి, మామూలుగా నడుస్తున్నదంతా మసకగా ఉంచండి, తేడా వచ్చినదానికే రంగు ఇవ్వండి. పెళ్లిలో అందరూ పట్టుబట్టలు కట్టుకుంటే పెళ్లికూతురు ఎవరో వెతుక్కోవాల్సి వస్తుంది.

రెండోది, అంకె కంటే గీత ముఖ్యం. పీహెచ్ 7.8 అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. గంట కిందట 7.1, అరగంట కిందట 7.4 అని తెలిస్తే అది ఎటు పోతోందో తెలుస్తుంది. ట్రెండ్ అనే ఈ గీతను చదవడం అలవాటైన ఆపరేటరు సమస్య రాకముందే లేచి వెళ్తాడు. ఇంకో చిట్కా కూడా అతనికి తెలుసు. గీత మరీ తిన్నగా, కదలకుండా ఉందంటే తొట్టి ప్రశాంతంగా ఉందని కాదు, ఎలక్ట్రోడు మీద కొవ్వూ సున్నమూ పేరుకున్నాయని. నిజమైన నీరు ఎప్పుడూ కాస్త వణుకుతూనే ఉంటుంది. అప్పుడు ఎలక్ట్రోడు పైకి తీసి, పలచటి ఆమ్లంతో కడిగి, పీహెచ్ 4, 7, 10 ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి. తోళ్ల నీటిలో ఈ కడుగుడు పని తరచూ పడుతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేరు కొని, కడిగే మనిషిని పెట్టుకోని కేంద్రాన్ని చూస్తే నాకు కారు కొని టైర్లు కొననివాడు గుర్తొస్తాడు.

మూడోది అలారం. పైసా ఖర్చు లేకుండా ఒక్కో ట్యాగుకు నాలుగేసి అలారాలు పెట్టుకోవచ్చు కాబట్టి అందరూ పెట్టుకుంటారు, అవన్నీ ఒకేసారి మోగేదాకా. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫోర్డ్ హేవెన్ చమురుశుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందు సుమారు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. చదవడానికే వ్యవధి లేదు. ఆ ప్రమాదం తర్వాత 1999లో వచ్చిన ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం, మామూలు రోజున ఆపరేటరుకు పది నిమిషాలకు ఒకటి మించి అలారం రాకూడదంటుంది. అలారం అంటే మనిషి వెంటనే చేయవలసిన పని ఒకటి ఉందని అర్థం. చేయడానికేమీ లేకపోతే అది అలారం కాదు, కబురు.

తెర చూడనిది

ఈ రంగంలోని పెద్ద ప్రమాదాల చరిత్ర చదివితే ఒకే సంగతి వేర్వేరు వేషాల్లో ఎదురవుతుంది. తెర చూపించేది కార్ఖానాను కాదు, పరికరం చెప్పిన మాటను.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒత్తిడి వదిలే వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం ఆరిపోయింది కాబట్టి మూసుకుందనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పింది మూసుకోమన్న ఆదేశం వెళ్లిందని మాత్రమే. మూసుకుందో లేదో చెప్పే పరికరం అక్కడ లేదు. 2005 మార్చి 23న అమెరికాలోనే టెక్సస్ సిటీ చమురుశుద్ధి కర్మాగారంలో 170 అడుగుల గోపురంలోకి ద్రవం నిండుతూనే ఉంది. మట్టం మీటరు మాత్రం 7.9 అడుగులని, అదీ తగ్గుతోందని చూపింది. అప్పటికి లోపల దాదాపు 158 అడుగులు ఉందని దర్యాప్తు తేల్చింది. 15 మంది చనిపోయారు.

మన ఇంటి ఉదాహరణ విశాఖది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి కదలిక లేకుండా ఉన్న ద్రవం పైపొరల్లో వేడెక్కి, తనలో తాను గట్టిపడే చర్య మొదలైంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉందని, నడుమా పైనా కొలిచే ఏర్పాటు లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసింది. అడుగు చల్లగానే ఉంది, ఆ అంకె నిజమే. నిజమైన అంకె తప్పు చోటు నుంచి వస్తే ఏమవుతుందో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ తెలుగునాట లేదు.

రాణిపేట కూడా ఒక గాయం మోస్తోంది. 2015 జనవరి 31న అక్కడి సిడ్కో వాడలోని ఉమ్మడి శుద్ధి కేంద్రంలో బురద నిల్వచేసిన తొట్టి గోడ కూలింది. పక్క కార్ఖానాలో నిద్రపోతున్న పదిమంది కార్మికులు ఆ బురదలో మునిగి చనిపోయారు. మట్టం మీటరు తొట్టి ఎంత నిండిందో చెబుతుంది, గోడ ఎంత మోయగలదో చెప్పదు. ఆ రెండో అంకెను డిజైను చేసిన ఇంజనీరు పరిమితిగా రాసి ఇవ్వాలి.

చెన్నై చూస్తున్న అంకె

2014 ఫిబ్రవరి 5న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలకు, ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు నిరంతర ఆన్‌లైన్ కొలతలు పెట్టుకోమని ఆదేశించింది. తోళ్ల పరిశ్రమ ఆ 17లో ఉంది. పీహెచ్, తేలియాడే మలినాలు, సీఓడీ (మురికిని రసాయనంతో విడగొట్టడానికి పట్టే ఆక్సిజన్ లెక్క), బీఓడీ, క్రోమియం, ప్రవాహం లాంటి అంకెలు ఇప్పుడు కేంద్రం లోపలి తెరతో ఆగకుండా మండలి సర్వర్లకు వెళ్తాయి. చుక్క వదలనన్నవాళ్లు ప్రవాహ మీటరూ కెమెరా పెట్టి నిజంగానే వదలడం లేదని చూపాలి. చెన్నై గిండీలోని రాష్ట్ర మండలి కార్యాలయంలో ఈ అంకెలను చూడటానికి వేరే కేంద్రాలే నడుస్తున్నాయి.

ఇక్కడ చదువరి తెలుసుకోవలసిన మెలిక ఒకటుంది. బీఓడీ అంటే సూక్ష్మజీవులు మురికిని తినడానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయన్న లెక్క. మన దేశ ప్రమాణం ప్రకారం నమూనాను 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచి కొలవాలి. నదిలోకి వదిలే నీటికి పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు. 3 రోజులు పట్టే కొలతను 15 నిమిషాలకోసారి తెర మీద ఎలా చూపుతున్నారు? చూపడం లేదు, ఊహిస్తున్నారు. ఆన్‌లైన్ పరికరం నీటిలోంచి అతినీలలోహిత కాంతిని పంపి, ఎంత పీల్చుకుందో చూసి, లోగడ ప్రయోగశాలలో తేలిన అంకెలతో పోల్చి బీఓడీ ఇంత ఉండవచ్చంటుంది. నీటి స్వభావం మారితే ఆ పోలిక చెడుతుంది. కాబట్టి ప్రయోగశాల సీసా నమూనాను మానేయడం కుదరదు. ఆన్‌లైన్ అంకెకూ సీసా అంకెకూ తేడా వస్తే సీసానే నమ్మాలని నా ఉద్దేశం, సీసా నింపినవాడు నిజాయితీపరుడైతే.

మోసం చేయడానికి పెద్ద సాంకేతిక విద్య అక్కర్లేదు. ఎలక్ట్రోడును మంచినీళ్ల బకెట్లో ముంచి ఉంచితే చాలు, చెన్నైకి చక్కటి అంకెలు వెళ్తాయి. దాన్ని పట్టుకునేది కూడా అంకెలే. కార్ఖానాలు నడుస్తున్నాయి, ప్రవాహం మారుతోంది, బ్లోయర్ల కరెంటు పెరుగుతోంది, సీఓడీ గీత మాత్రం పాలరాయిలా నున్నగా ఉందంటే ఎవరైనా అడుగుతారు. ఒక్క అంకెతో అబద్ధమాడటం సులువు, పది అంకెలను ఒకదానికొకటి పొసిగేలా అబద్ధమాడించడం కష్టం. 2025 జనవరి 30న పాలారు కాలుష్యం మీదే సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు ఇచ్చి, బాధితులకు పరిహారం అందాలనీ, పర్యవేక్షణకు కమిటీ వేయాలనీ చెప్పింది. మొదటి తీర్పుకూ దీనికీ నడుమ 28 ఏళ్లు గడిచాయి.

అంకెలు బయటి నెట్‌వర్క్ మీదికి వెళ్తున్నాయంటే బయటివాళ్లు లోపలికి వచ్చే దారి కూడా పడిందన్న మాటే. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో ఒక వ్యక్తి రేడియో సంకేతాలతో మురుగునీటి పంపులను తన చేతిలోకి తీసుకుని సుమారు 8 లక్షల లీటర్ల మురుగును పార్కుల్లోకీ వాగుల్లోకీ వదిలాడు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇరాన్‌లోని నతాంజ్‌లో యంత్రాలను పాడుచేస్తూ, ముందే దాచుకున్న మామూలు అంకెలను తెరకు అందించింది. అక్కడి మనుషులు చూసింది నిన్నటి కార్ఖానా. అందుకే మండలికి అంకెలు పంపే కంప్యూటరు వేరుగా ఉండాలి, దాన్నుంచి పీఎల్‌సీకి ఆదేశం వెళ్లే వీలు ఉండకూడదు, ఆపరేటరు తన మొబైల్ చార్జింగుకు ఆ కంప్యూటరు యూఎస్‌బీ వాడకూడదు. చివరిదాన్ని అమలు చేయడమే అన్నిటికంటే కష్టం.

గుడియాత్తం వైపు

వేలూరుకు పడమరగా, కౌండిన్య నది ఒడ్డున ఉన్న గుడియాత్తానికి రెండిటి వల్ల పేరుంది: అగ్గిపెట్టెలు, లుంగీలు. తోళ్ల కేంద్రాల తరహా తెరలకు ఇక్కడి చిన్న కార్ఖానాల్లో పని తక్కువ. ఎందుకో చూస్తే స్కాడా ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. అది పైపుల్లోంచి ఆగకుండా పారే వస్తువుకు బాగా నప్పుతుంది. చట్రాల్లో పేర్చిన పుల్లలను మందులో ముంచి తీసే పనిలో వస్తువు చేతి నుంచి చేతికి పోతుంది. ఎక్కడికక్కడ మనిషే పరికరం.

అలాగని కొలవడానికేమీ లేదని కాదు. పుల్ల తలకు పెట్టే ముద్దలో పొటాషియం క్లోరేటు, జిగురు ఉంటాయి. ముద్ద వేడి తగ్గితే చిక్కబడి తల లావవుతుంది, ఎక్కువైతే జారిపోతుంది. వాన పట్టిన రోజున గాలిలో తేమ వల్ల ఆరదు. ముద్ద వేడి, గదిలో తేమ, ఆరబెట్టే గది ఉష్ణోగ్రత, ఈ మూడు కొలతలు, ఒక చిన్న పీఎల్‌సీ, గోడకు ఒక చిన్న తెర ఉంటే చాలు. మరమగ్గాల షెడ్డులోనైతే ఒక్కో మగ్గం ఎన్ని పోగులు వేసింది, ఎన్నిసార్లు దారం తెగి ఆగింది అన్నవే అసలు లెక్క. ఒక్కో మగ్గానికి ఒక సెన్సరు అతికించి అన్నిటినీ ఒక మొబైల్‌కు చూపే ఏర్పాటు ఖర్చు ఇప్పుడు చిన్న యజమానికి అందని ఎత్తులో లేదు. అడ్డం వచ్చేది ఖర్చు కంటే ముందు మరో ప్రశ్న. మగ్గం ఆగినప్పుడల్లా తెర మీద ఎర్రగా కనిపిస్తే, ఆ ఎరుపు నేసేవాడి కూలి లెక్కలోకి పోతుందా, నూలు నాణ్యత లెక్కలోకి పోతుందా? దారం తెగడానికి నాసి నూలే కారణమైతే మగ్గం దగ్గరి మనిషికి అది తెర చూడకుండానే తెలుసు. నూలు కొన్నవాడికి తెలియాలంటే ఏ మగ్గం మీద ఏ మూట నూలు ఎక్కించారో ఆ ఎరుపు పక్కనే రాసి ఉండాలి. ఆ ఒక్క ట్యాగును జాబితాలో చేర్చమని అడగాల్సింది సాఫ్ట్‌వేరు అమ్మేవాడిని కాదు, షెడ్డు యజమానిని.